పాద్రీగారికి ‘మన’ నేర్పిన మా పెద్దమ్మ

మా అమ్మకు అక్క లియోనోర్ చుంపి. ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. మా యురాక్‌మార్కాలో ఎనభై గడపలుంటే, ఎనభై గడపల్లోనూ ఆమె అన్న మాట ఏదో ఒకటి తిరుగుతూ ఉండేది. పెళ్లిలో పాట ఎత్తుకోవాలన్నా, చావింట్లో ఏడుపు ఎత్తుకోవాలన్నా ఆమె రావలసిందే. ఎవరైనా మాట తప్పుగా పలికితే ఆమెకు పంటి కింద రాయి పడ్డట్టుండేది. చిన్నా పెద్దా చూడకుండా అక్కడికక్కడే దిద్దేది.

పెళ్లయిన నాలుగో ఏట ఆమె భర్త వెండి గనుల్లో ఊరి వంతు పనికి వెళ్లి తిరిగి రాలేదు. ఉన్న ఒక్క పిల్లా మశూచితో పోయింది. ముప్పై ఏళ్లకే ఒంటరిదైంది. చర్చి పక్క ఇంట్లో పాద్రీకి వంటమనిషి కావాలంటే ఊరిపెద్ద ఆమెను పంపాడు.

మా ఊరు మొదట ఇక్కడ లేదు. మా ముత్తాతలు పైన కొండ భుజం మీద ఉండేవాళ్లు. స్పెయిన్ రాజుగారి మనుషులు వచ్చి ఇళ్ల కప్పులు పీకేసి, అందరినీ చర్చి గంట వినబడేంత దూరంలోకి దించి, తిన్నని వీధుల్లో కుక్కేశారు. బతికినవాళ్లు దిగివచ్చారు. పోయినవాళ్లు పైనే ఉండిపోయారు. గుహలో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, మంచి బట్టలు కట్టుకుని, వరసగా కూర్చుని. ఏడాదికి రెండుసార్లు మేము పైకి వెళ్లేవాళ్లం. వాళ్లకు మొక్కజొన్న కల్లు పోసి, కోకా ఆకులు పెట్టి, మాసిన బట్టలు మార్చి, ఊరి కబుర్లన్నీ చెప్పి వచ్చేవాళ్లం. ఆదివారం చర్చికీ వెళ్లేవాళ్లం. ఆ రెంటికీ పేచీ ఉందని మాకు తోచలేదు. గుహ బాగోగులు చూసేది డొమింగో రీమాయ్. మా అమ్మకూ పెద్దమ్మకూ మేనమామ, నాకు తాత వరస.

మెల్చోర్ పాద్రీ వచ్చేనాటికి ఇరవై ఆరేళ్లుంటాయేమో. పలచటి గడ్డం, చలిగాలికి పగిలిన పెదవులు. సముద్రం అవతలి మనిషి. మా భాష లీమా పట్నంలో పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాడట. మొదటి రోజు వంటింటి గుమ్మంలో నిటారుగా నిలబడి, “ఓ స్త్రీ! నాకు ఉష్ణోదకమును ఒసంగుము” అన్నాడు.

పెద్దమ్మ గరిటె కింద పెట్టింది. “ఏమైందయ్యా? ఎవరన్నా పోయారా ఏంది?”

“ఉష్ణోదకము,” అని చేతులు రుద్దుకుని చూపించాడు.

“ఓహో, వేణ్ణీళ్లా! వేణ్ణీళ్లని ఏడవొచ్చు కదయ్యా.”

ఆయన కళ్లు మూసుకుని, శ్రద్ధగా, “వేణ్ణీళ్లని ఏడవొచ్చు కదయ్యా” అని మొత్తం అప్పజెప్పాడు. ఆ రోజు నుంచి మా ఊళ్లో స్నానానికి నీళ్లడిగే ప్రతివాడూ అదే మాట అనేవాడు.

ఆ ఆదివారం ప్రసంగం ఇంకా బాగా జరిగింది. స్పెయిన్ వాళ్ల భాషలో మనం అన్నా మేము అన్నా ఒకటే మాటట. ఆయనకు పుస్తకంలో దొరికింది ‘మేము’ ఒక్కటే. “మేమందరమూ పాపులము. మేము నరకాగ్నికి పాత్రులము. మా కొరకే దేవుని కుమారుడు ప్రాణము విడిచెను” అని గుండెలు బాదుకున్నాడు. జనం జాలిగా విన్నారు. డొమింగో తాత బయటికి వచ్చాక, “పాపం, వాళ్లు చేసినవన్నీ వాళ్లే ఒప్పుకుంటున్నారు. ఈయన మంచోడే” అన్నాడు.

పెద్దమ్మకు మాత్రం నవ్వు రాలేదు. తప్పు మాట ఆమెకు పడదు. ఆయన భోజనానికి కూర్చోగానే మొదలుపెట్టింది.

“అయ్యా, మేము అంటే నేను అందులో లేను. మనం అంటే నేనూ ఉన్నాను. నువ్వు ఇందాక మమ్మల్నందరినీ బయట కూర్చోబెట్టి నువ్వొక్కడివే నరకానికి పోయావు.”

ఆయన చెంచా పళ్లెంలో వదిలేసి గదిలోంచి కాగితం తెచ్చుకున్నాడు. “మళ్లీ చెప్పు.”

అట్లా మొదలైంది. దుంపల పొట్టు తీస్తూ ఆమె చెప్పేది, పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఆయన రాసుకునేవాడు. కాళ్ల మధ్య, కూరకని పెంచే బొద్దు ఎలుకల్లాంటి కుయ్ పిల్లలు కీచుకీచుమంటూ తిరుగుతుంటే వాటిని తొక్కకుండా కాళ్లు పైకి పెట్టుకునేవాడు. ఏ వయసు వాళ్లను ఎట్లా పలకరించాలో, ముసలివాళ్లను ముందు మోకాళ్ల నొప్పి అడిగాకే మరో మాట ఎత్తాలని, ఆడవాళ్ల ఏడుపులో ఏ మాటకు ఏ అర్థమో, అన్నీ చెప్పింది. తనను ఏమని పిలవాలని అడిగితే, “అక్కా అను. నాకు తమ్ముడు లేడు” అంది. అయ్యా అనడం మానేసి తమ్ముడూ అనడం మొదలుపెట్టింది.

ఆయన చెడ్డవాడని నేను చెప్పను. తట్టు వచ్చిన ఏడాది పిల్లల పక్కన కూర్చుని తడిబట్టలు వేసినవాడాయన. మా అమ్మకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు మూడు రోజులు మా ఇంట్లోనే కూర్చున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆయన మాటలో మా ఊరి యాస దిగింది. కళ్లు మూసుకుని వింటే కింది వీధి కుర్రాడెవరో మాట్లాడుతున్నట్టుండేది. “అది నా నోరే,” అని పెద్దమ్మ మురిసిపోయేది. మా అమ్మ విసుక్కునేది. “వాడికి అంత నేర్పకే. వాడు దేనికి నేర్చుకుంటున్నాడో అడిగావా?” “దేనికేంది? మనిషితో మనిషిలా మాట్లాడటానికి.” “ఆహా. నిన్ను పొగుడుతున్నాడుగా, నీకింకేం కనబడుతుంది!”

మా అమ్మ ఎగతాళికే అంది. కానీ ఉన్న మాటే అంది.

ఒక మధ్యాహ్నం ఆయన సంతోషంగా వంటింట్లోకి వచ్చాడు. లెంట్ ఉపవాసాల రోజుల్లో ఊరంతా ఒక్కొక్కరే వచ్చి ఆయన దగ్గర పాపాలు ఒప్పుకోవడం అయిపోయింది. “అక్కా, ఊరందరినీ అడిగాను. ఒక్కరు కూడా శవాలకు మొక్కరట. పక్క లోయల్లో ఏవేవో జరుగుతాయని బిషప్‌గారు ఉత్తరం రాస్తే భయపడ్డాను. మన ఊరు శుభ్రంగా ఉంది.”

అక్కడ ఆమె ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

“శవాలేంది తమ్ముడూ? అది బూతుమాట. మన తాతల్ని ఎవరన్నా శవాలంటారా?”

“మరేమంటారు?”

“తాతలనే అంటారు.”

“తాతలకు మొక్కుతారా?”

“మొక్కడమేంది, నీ మొహం! మొక్కేది దేవుడికి. తాతలకు కల్లు పోస్తారు, బట్టలు పెడతారు. అమ్మానాన్నలకు పెట్టరూ, అట్లానే.”

“నేను ఎట్లా అడిగి ఉండాల్సింది?”

“‘మన తాతలకు ఈ ఏడు బట్టలు పెట్టారా’ అనాలి.”

ఆయన కలం తీసి ఆ మాట రాసుకున్నాడు. తర్వాత, “నీ నోట మాట ఎంత అందంగా ఉంటుందక్కా” అన్నాడు. ఆమె ఇంకా చెప్పింది. ఏ కాలంలో పెడతారో, ఏ రంగు అంచు వేస్తారో, తన అమ్మమ్మకు తానే నేసిన శాలువా మీద ఎర్ర చారలు ఎన్నో.

“కలం కదలడం నేను చూశానే,” అని తర్వాతి కాలంలో ఆమె నాతో ఎన్నోసార్లు అంది. “నాకు తెలీక చెప్పానని ఊరు అనుకుంటే అనుకోనీ. నువ్వు అనుకోవద్దు. దేనికి రాస్తున్నాడో సగంలోనే నాకు తెలిసింది. అయినా ఆపలేదు. నా మొగుడు పోయాక నన్ను అంత చెవి పెట్టి విన్న మనిషి లేడు. ఆ వినడం ఆగిపోతుందని చెప్పుకుంటూ పోయాను.”

ఏడాది ఏమీ జరగలేదు. ఆమె మరిచిపోయింది, లేదా మరిచిపోయినట్టుంది. మరుసటి చలికాలం లీమా నుంచి, పాత మొక్కుల్ని వెతికి కాల్పించే విచారణ పాద్రీ వచ్చాడు, ఇద్దరు సిపాయిలతో, ఒక రాతగాడితో. నాకప్పుడు కొత్తగా పెళ్లయింది. పొద్దున ప్రార్థన కాగానే ఊరంతటినీ చర్చి ముందు నిలబెట్టారు. విచారణ పాద్రీ బొంగురు గొంతుతో, “మీరు శవములకు మొక్కుదురా?” అని అడిగాడు. లేదన్నాం. “విగ్రహములను పూజింతురా?” లేదన్నాం. అబద్ధం చెప్తున్నామని మాలో ఎవరికీ అనిపించలేదు.

అప్పుడాయన మెల్చోర్ పాద్రీ వైపు తిరిగాడు. మెల్చోర్ పాద్రీ మడత పెట్టిన కాగితం ఒకటి విప్పుతూ మెట్లు దిగాడు. డొమింగో తాత భార్య బియాత్రిస్ అవ్వ ముందు వరసలో రాతి మీద కూర్చుని ఉంది. ఆమెకు అప్పటికే చూపు పోయింది. ఆయన వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అవ్వా, మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?”

“యాడ నాయనా, చలికి పట్టేస్తన్నాయి.”

“మన తాతలకు ఈ ఏడు బట్టలు పెట్టారా?”

“ఇంకా లేదయ్యా. దుంపలు తవ్వాలి, కల్లు పులియాలి. నీకంత తొందరేంది?” అని అవ్వ నవ్వింది. కింది వీధి కుర్రాడెవడో అనుకుంది.

రాతగాడి కలం గీరుకుంటున్న చప్పుడు వినబడింది. డొమింగో తాత, “ఓసి పిచ్చిదానా” అన్నాడు, మెల్లగా, కోపం లేకుండా. ఆ తర్వాత జనం తలలు ఒక్కొక్కటే పాద్రీ ఇంటి వైపు తిరిగాయి. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నిలబడి ఉంది. లోపలికి పోలేదు, బయటికి రాలేదు. అంతమంది చూపుల కింద ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూనే ఉంది. తుడిచిన చేతినే మళ్లీ తుడిచింది.

గుహ చూపించమని డొమింగో తాతను కొట్టారు. ఆయన చూపించలేదు. వేరే వాళ్లు చూపించారు, ఆ దెబ్బలు చూడలేక. తాతల్ని కిందికి మోసింది సిపాయిలు కాదు, మేమే. ఎవరి వాళ్లను వాళ్లే మోయాలని ఆజ్ఞ. పెద్దమ్మ తన అమ్మమ్మను ఎత్తుకుంది. నేనూ మా అమ్మా వెనక నడిచాం. ఎండుగడ్డి మోపంత బరువు కూడా లేదా మనిషి. ఎర్ర చారల శాలువా దారంతా పెద్దమ్మ భుజం మీద ఊగుతూ వచ్చింది.

చర్చి ముందు కుప్ప పోసి కాల్చారు. మంట ఎగుస్తుంటే మెల్చోర్ పాద్రీ ప్రసంగం చేశాడు. “మనమందరం పాపులం,” అన్నాడు. ఈసారి ఒక్క అక్షరం తప్పు పోలేదు. బూడిద ఏట్లో కలిపించారు. డొమింగో తాతకు జుట్టు కత్తిరించి, కంచర గాడిద మీద కూర్చోబెట్టి లీమాకు పంపారు. అక్కడ ఇలాంటి ముసలివాళ్లను పెట్టే ఇల్లొకటి ఉందట. తోడు వెళ్తానని బియాత్రిస్ అవ్వ ఏడిస్తే ఒప్పుకోలేదు. రెండేళ్లకు ఆయన పోయాడని కబురు వచ్చింది.

కాల్చిన రోజున పాద్రీలిద్దరూ భోజనానికి వచ్చారు. పెద్దమ్మ దుంపల పులుసు వండిపెట్టింది. విచారణ పాద్రీ వెళ్లి పడుకున్నాక మెల్చోర్ పాద్రీ కళ్లు తుడుచుకుంటూ, “నాకూ బాధగానే ఉందక్కా. కానీ ఇంతమంది ఆత్మలు నీ వల్ల దక్కాయి. నీకు తెలీదు, నువ్వెంత పుణ్యం చేశావో” అన్నాడు. ఆయన పళ్లెం ఖాళీగా ఉంటే ఆమె పులుసు మరో గరిటె వేసింది.

“మొహాన కొట్టలేకపోయానే. పొయ్యి ఆర్పేసి రాలేకపోయాను. అలవాటు కొద్దీ రెండో గరిటె వేశాను,” అనేది. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూసేది కాదు.

మర్నాడు మా ఇంటికి వచ్చింది. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఊలు దువ్వుతోంది. లేవలేదు.

“కతలీనా, నేను...”

“వాడికి ‘మన’ అనడం ఎవరు నేర్పారు?”

“నేనే.”

“అమ్మమ్మ శాలువా చారలు వాడి కాగితంలో ఉన్నాయంట. రాతగాడు చదివాడు. అది కూడా నువ్వేనా?”

“నేనే.”

“ఇంకేం మిగిల్చావే?”

పెద్దమ్మ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మా అమ్మ ఆమెతో మళ్లీ మాట్లాడటానికి ఆరేళ్లు పట్టింది.

ఊళ్లో ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె వస్తే మాటలు ఆపేసేవాళ్లు, అంతే. పెళ్లి పాటకు పిలవడం మానేశారు. మాటే బతుకైన మనిషికి అంతకంటే ఏం చేయాలి? పాద్రీ ఇంట్లో పని వదిలేసింది. తిండి కోసం ఇతరుల లామా మందల ఊలు వడికేది.

మెల్చోర్ పాద్రీని మరుసటి ఏడు పెద్ద ఊరి చర్చికి మార్చారు. ఆ కాగితమే ఆయనకు పదవి తెచ్చిందట. దానికి నకళ్లు రాయించి లోయ లోయకూ పంపారు. ఉప్పు తెచ్చే లామాల వాళ్లు వచ్చి చెప్పేవాళ్లు: “పుమాకాంచలో కూడా అడిగారు. మోకాళ్ల నొప్పితో మొదలెడతారు, మన తాతలంటారు. అచ్చం మీ ఊరి యాస.” ఎక్కడో, ముక్కూ మొహం తెలియని ఊళ్లో, తెల్లవాడొకడు పెద్దమ్మ గొంతుతో ఎవరో అవ్వ చెయ్యి పట్టుకుంటున్నాడు.

అది విన్న వారానికి ఆమె వేయించిన మొక్కజొన్న మూట కట్టుకుని బయలుదేరింది. నేను ఊరి చివరిదాకా వెళ్లాను. “ఎక్కడికి పెద్దమ్మా?” అని అడిగాను. “నా కంటే ముందు నా మాట పోతోంది. దాని కంటే ముందు నేను పోవాలి,” అంది.

మొదట చేరిన ఊరు పుమాకాంచ. అక్కడ అప్పటికే కాల్చేశారు. ఆమె బావి దగ్గర ఒక ముసలామెను పలకరించగానే ఆ యాస విని ఆమె కేక పెట్టింది. జనం రాళ్లు విసిరారు. కనుబొమ్మ మీద దెబ్బ తగిలింది, ఆ మచ్చ చివరిదాకా ఉంది. రెండో ఊరు వాయ్‌లాపంపా. అక్కడ ఇంకా ఎవరూ రాలేదు. పెద్దల ముందు నేల మీద కూర్చుని, తాను ఎవరో, ఏం చేసిందో, పులుసు సంగతితో సహా చెప్పింది. “ప్రేమగా అడుగుతారు. మోకాళ్లు ఎట్లా ఉన్నాయంటారు. మన అంటారు. పలకొద్దు.” వాళ్లు విన్నారు. మంచినీళ్లు మాత్రం ఇవ్వలేదు. ఆమె తిరిగి వస్తూ వెనక్కి చూస్తే కొందరు మూటలు మోసుకుంటూ మంచు కొండ వైపు ఎక్కుతున్నారట.

విచారణ పాద్రీకి అక్కడ ఖాళీ గుహ దొరికింది. ఉత్త చాపలు కాల్చి, దాచిపెట్టారని ఏడుగురిని కొరడాలతో కొట్టించాడు. ఒకడికి కాలు పోయింది. తాతలు దక్కారని ఎవరైనా అంటే పెద్దమ్మ ఆ కాలు సంగతి ఎత్తేది.

ఇవన్నీ ఊరికి తెలుసు. తెలియనిది ఒక్కటుంది. డొమింగో తాతను తీసుకెళ్లాక బియాత్రిస్ అవ్వకు నీళ్లు మోసే దిక్కు లేదు. పెద్దమ్మ రోజూ పొద్దున్నే కుండ నింపి పెట్టేది. పాద్రీకి ఆ మాట నేర్పిందెవరో అవ్వకు ఎవరూ చెప్పలేదు. గుడ్డి అవ్వ గుమ్మంలో కూర్చుని, “నా పాడు నోరే కొంప ముంచింది తల్లీ. నా మొగుణ్ణి నేనే అప్పజెప్పాను,” అని రోజూ అదే ఏడుపు. కాదు, నేను, అని చెప్పాలని పెద్దమ్మ రోజూ అనుకుంటూ వెళ్లేది. మూడేళ్లు మోసింది, చెప్పలేదు. అవ్వ ఆ తప్పు తనదే అనుకుంటూ పోయింది. అవ్వ తల నిమిరి, “నువ్వొక్కదానివే నన్ను చూస్తున్నావు, నీ కడుపు చల్లగుండ” అన్న రోజున కూడా చెప్పలేదట.

ఇది నాకు ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఎత్తలేదు.

ఆమె అరవై దాటాక ఊపిరితిత్తులు చెడి మంచం పట్టింది. అప్పటికి మా ఊరు మళ్లీ కుదుటపడింది. చర్చి నేల కింద పాతిపెట్టిన మా వాళ్లను, పాద్రీ ఊళ్లో లేని పండగ రోజుల్లో తవ్వి తీసి, ఇంకా పైన కొత్త చోట కూర్చోబెట్టడం మొదలైంది. చోటు ఎక్కడో చెప్పను. మట్టి బరువు గుండెల మీద మోస్తూ మా వాళ్లు పడుకోలేరు. అక్కడ కూర్చోబెట్టేటప్పుడు కట్టడానికని మా అమ్మ ఆమె కోసం కొత్త బట్ట నేసి పెట్టింది.

పెద్దమ్మ దాన్ని చేత్తో తడిమి, “ఇది నాకొద్దు కతలీనా. నన్ను కిందే ఉంచెయ్యండి,” అంది.

“మట్టిలోనా?”

“వాళ్ల మధ్య కూర్చునే మొహం నాకు లేదు. వాళ్లు ఊరి కబుర్లు అడిగితే నేనేం చెప్పను?”

గదిలో మా అమ్మ ఉంది, నేనున్నాను, నా భర్త ఉన్నాడు, డొమింగో తాత మనవడు ఒకడున్నాడు. అట్లా అనకు అని ఎవరో ఒకరు అనాలి. ఆమె మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. మా అమ్మ బట్ట మడత పెట్టింది. నేను దగ్గుమందు కాచడానికి లేచాను. కాగుతున్న ఆకులు కలుపుతూ, ఇంకెవరైనా అంటారులే అనుకున్నాను.

నాలుగు రోజులకు పోయింది. చర్చిలో ఎడమ గోడ పక్కన పాతిపెట్టాం. ఏడుపు ఎత్తుకోవడం సరిగా ఎవరికీ రాలేదు. ఆ తర్వాతి పండక్కి పాద్రీ ఊరు దాటగానే మా అమ్మ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. పార మా ఇంట్లోనే ఉంది. ఇద్దరం మళ్లీ పనుల్లో పడ్డాం. ఇప్పటికి పదకొండు పండగలు అయ్యాయి.